చెక్కను గాలితో బిగించడం: వడ్రంగి షాపులో వాక్యూమ్ క్లాంపింగ్ సమగ్ర మార్గదర్శి

సి-క్లాంప్‌తో (చెక్కను బల్లకు బిగించే సి ఆకారపు బిగింపు) పనిచేసిన ప్రతివాళ్లకీ ఈ చికాకు తెలుసు. పలక అంచు చుట్టూ రౌటర్ (వేగంగా తిరిగే కోత మొన, అంటే బిట్, ఉన్న చేతి యంత్రం) తిప్పాలి. నాలుగు మూలలా నాలుగు క్లాంపులు. సగం దూరం వెళ్లేసరికి క్లాంపు అడ్డం. రౌటర్ ఆపి, క్లాంపు విప్పి, వెనక్కి జరిపి, మళ్లీ బిగించి మొదలుపెడతాం. ఆగిన చోట అంచు మీద చిన్న కాలిన మచ్చ పడనే పడుతుంది. వాక్యూమ్ క్లాంపింగ్‌లో ఈ గొడవ ఉండదు. పలకను కిందినుంచే పట్టుకుంటుంది కాబట్టి పై ముఖం, నాలుగు అంచులూ ఖాళీగా ఉంటాయి.

అయితే దీన్ని కొత్తగా పెట్టుకున్నవాళ్లలో చాలామంది నెల తిరక్కుండానే మూలన పడేస్తారు. "పట్టు నిలవట్లేదు" అంటారు. పంపు చిన్నదేమోనని పెద్దది కొంటారు, అదీ నిలవదు. కారణం పంపు కాదు, గాలి ఎక్కడినుంచి దూరుతోందో వాళ్లు చూడకపోవడం. ఈ పద్ధతిలో నైపుణ్యమంతా లీకేజీ పట్టుకోవడంలోనే ఉంది.

ముందు లెక్క తెలియాలి

వాక్యూమ్ చెక్కను లాగదు. చెక్క కింద ఉన్న గాలిని పంపు తీసేస్తే, పైన ఉన్న గాలి దాన్ని బల్లకేసి అదుముతుంది. సముద్రమట్టం దగ్గర ఆ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 1.03 కిలోలు. గేజ్ (వాక్యూమ్ ఎంతుందో చూపే మీటరు) మీద చూస్తే 760 మి.మీ. పాదరసం. పదిహేడో శతాబ్దంలో ఒట్టో ఫాన్ గెరికె రెండు రాగి అర్ధగోళాలను కలిపి లోపలి గాలి తీసేస్తే గుర్రాల జట్లు కూడా వాటిని విడదీయలేకపోయాయి. ఆ బలమే మన బల్ల మీదా పనిచేస్తుంది. ఎంత మంచి పంపు పెట్టినా అంతకుమించి రాదు.

షాపులో మామూలుగా దొరికేది 600 మి.మీ. అంటే చదరపు సెంటీమీటరుకు 0.8 కిలోలు. 30 × 20 సెం.మీ. జిగ్‌లో (పలకను పట్టుకునే పీట) గాస్కెట్ (గాలి దూరకుండా చుట్టూ వేసే మెత్తని పట్టీ) లోపలి భాగం 28 × 18 అనుకుందాం, అంటే 504 చదరపు సెం.మీ. దాని మీద పడే బలం 400 కిలోలు. పలకను పైకి ఎత్తాలంటే అంత బలం కావాలి.

కానీ రౌటర్ పలకను పైకి ఎత్తదు, పక్కకు తోస్తుంది. పక్కకు జరగకుండా ఆపేది రాపిడి ఒక్కటే. రాపిడి గుణకం 0.3 అనుకుంటే 400 కిలోల్లో పక్కబలం 120 కిలోలే మిగులుతుంది. చేతి రౌటర్‌కు ఇది చాలు. ఇదే లెక్క 5 × 5 సెం.మీ. ముక్కకు వేయండి. 25 చదరపు సెం.మీ., కిందకు 20 కిలోలు, పక్కకు 6 కిలోలు. చేత్తో ఎత్తి చూస్తే బల్లకు అతుక్కుపోయినట్టే ఉంటుంది, బిట్ తగలగానే ఎగిరి గోడకు కొట్టుకుంటుంది. ముక్క పొడవు, వెడల్పు రెండూ సగానికి తగ్గితే పట్టు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే చిన్న ముక్కలకు నేను వాక్యూమ్ వాడను. పెద్ద పలక మీద ఉండగానే వాటి పని పూర్తిచేసి, చివర్లో కోస్తాను.

ఎత్తు ప్రదేశాల్లో పనిచేసేవాళ్లకు ఇంకో మాట. సముద్రమట్టానికి 1000 మీటర్ల పైన గాలి ఒత్తిడే పదో వంతుకు పైగా తక్కువ. గేజ్ 600 దాటకపోతే పంపును తిట్టుకోకండి.

పంపు ఎంచుకోవడం

పంపుకు రెండు గుణాలు చూడాలి. ఎంత లోతు వాక్యూమ్ ఇస్తుంది, నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి తీస్తుంది. అమ్మేవాళ్లు మొదటిదే గొప్పగా చెబుతారు. మనకు ఎక్కువ అవసరం రెండోది. వాక్యూమ్ 85 శాతం నుంచి 99 శాతానికి వెళితే పట్టు పెరిగేది ఆరో వంతు మాత్రమే. అదే చెక్కలోంచి గాలి దూరుతుంటే, నిమిషానికి లాగే గాలి ఎక్కువున్న పంపు మాత్రమే గేజ్‌ను నిలబెట్టగలదు.

షాపులో ఇప్పటికే కంప్రెసర్ ఉంటే వెంచురీతో మొదలుపెట్టండి. అరచేతిలో పట్టే లోహపు ముక్క అది, లోపల కదిలే భాగం ఒక్కటీ ఉండదు. కంప్రెసర్ గాలి దానిలోంచి వేగంగా దూసుకుపోతుంటే పక్క రంధ్రంలో వాక్యూమ్ పుడుతుంది. ఒకటి రెండు జిగ్‌లకు బాగా సరిపోతుంది. దీని లోటు, కంప్రెసర్ గాలిని తాగేస్తూ ఉంటుంది, చెవి పక్కనే కూస్తుంటుంది. చిన్న కంప్రెసర్ అయితే ఆగకుండా తిరుగుతూనే ఉండాలి.

రోజంతా పని ఉంటే రోటరీ వేన్ పంపు (లోపల రెక్కలు తిరుగుతూ గాలిని బయటికి తోసేది) మేలు. ఇందులో ఆయిల్ పోసేవి, పోయనవసరం లేనివి రెండు రకాలున్నాయి. ఏసీ మెకానిక్‌లు గ్యాస్ నింపే ముందు వాడే పంపు కూడా పనిచేస్తుంది, వాక్యూమ్ లోతుగానే ఇస్తుంది. కానీ అది మూసివున్న గొట్టాల కోసం చేసింది. జిగ్ ఎక్కువగా లీకవుతుంటే దాని ఆయిల్ పొగలా బయటికి వచ్చి గదంతా పరుచుకుంటుంది. పాలిష్ వేయాల్సిన చెక్క మీద ఆ ఆయిల్ పడితే ఆ రోజు పని అంతే.

ఇంట్లో తుడిచే వాక్యూమ్ క్లీనర్ పెట్టొచ్చా అని అడుగుతుంటారు. అది గాలి బాగానే లాగుతుంది, లోతు మాత్రం లేదు. చదరపు సెం.మీ.కు 0.2 కిలోల దగ్గర ఆగిపోతుంది. పెద్ద షీటును శాండింగ్ చేయడానికి సరే. పైగా చాలా క్లీనర్ల మోటారు తను లాగే గాలితోనే చల్లబడుతుంది, నోరు పూర్తిగా మూసి ఎక్కువసేపు నడిపితే కాలిపోతుంది.

జిగ్ తయారీ

కొన్న పాడ్‌లు (బజార్లో దొరికే రెడీమేడ్ వాక్యూమ్ పట్లు) బాగుంటాయి. అయినా మొదటి జిగ్ సొంతంగా చేసుకోండి. గాలి ఎక్కడ దూరుతుందో చేస్తేనే తెలుస్తుంది.

1. 18 మి.మీ. ప్లైవుడ్ ముక్క తీసుకోండి, రెండు వైపులా లామినేట్ అంటించి ఉంటే మంచిది. అది మెలిక లేకుండా ఉండాలి. స్టీల్ స్కేలు అంచును ముఖం మీద నిలబెట్టి, వెనకనుంచి వెలుతురు కనిపిస్తోందేమో చూడండి. ఎండీఎఫ్ (చెక్కపీచును అదిమి చేసిన షీటు) వాడొద్దని కాదు గానీ, దానిలోంచి గాలి ఊరుతూనే ఉంటుంది. వాడితే అన్ని వైపులా సీలర్ పట్టించాలి.

2. ప్లైవుడ్ అంచులను రెండు కోట్ల ఎపాక్సీతో గానీ లక్కర్‌తో గానీ మూసేయండి. ప్లైవుడ్ పొరల మధ్య చిన్న చిన్న ఖాళీలుంటాయి. పైన లామినేట్ ఎంత నున్నగా ఉన్నా గాలి ఆ పక్క సందుల్లోంచి నడిచి వస్తుంది.

3. అంచుకు కనీసం 10 మి.మీ. లోపల చుట్టూ గాడి తీయండి. గాస్కెట్ టేపు 6 మి.మీ. మందం ఉంటే గాడి 4 మి.మీ. లోతు చాలు. వెడల్పు టేపు కంటే ఒక మి.మీ. ఎక్కువ ఉండాలి. ఈ 4 మి.మీ. కొలత ఊరికే చెప్పలేదు. టేపు 2 మి.మీ. పైకి ఉంటుంది, వాక్యూమ్ పడగానే అణిగిపోతుంది, పలక నేరుగా లామినేట్ మీద కూర్చుంటుంది. గాడి లేకుండా టేపును పైపైన అంటిస్తే పలక స్పాంజి మీద తేలుతూ ఉంటుంది. రౌటర్ నొక్కినప్పుడల్లా దిగుతుంది, లేస్తుంది, అంచు అలలు అలలుగా వస్తుంది. గాడి మూలల్ని గుండ్రంగా తిప్పండి, టేపు మడత పడకుండా సాఫీగా తిరుగుతుంది.

4. గాడి లోపలి ముఖం మీద రెండు మి.మీ. లోతున, మూడు నాలుగు సెం.మీ.లకొకటి చొప్పున అడ్డంగా నిలువుగా చిన్న కాలువలు తీయండి. చాలామంది వదిలేసే పని ఇది. నున్నటి పలక నున్నటి లామినేట్ మీద అతుక్కుంటే వాక్యూమ్ రంధ్రం చుట్టుపక్కలే ఆగిపోతుంది. గేజ్ 600 చూపిస్తుంది, పట్టు మాత్రం అరచేతి మేరే ఉంటుంది. ఈ కాలువలు వాక్యూమ్‌ను మూలమూలకూ చేరుస్తాయి.

5. మధ్యలో ముఖం నుంచి కిందికి రంధ్రం చేయండి. జిగ్ పక్క అంచు నుంచి ఇంకో రంధ్రం చేసి దాన్ని కలపండి. అంచు రంధ్రం 1/8 అంగుళం నిపుల్ (గొట్టం తగిలించే చిన్న మూతి) మరలకంటే కాస్త సన్నగా ఉండాలి. మరలకు ఎపాక్సీ రాసి నిపుల్ తిప్పండి. చెక్కలో టెఫ్లాన్ టేపు ఒక్కటే నమ్ముకుంటే వారంలో వదులవుతుంది.

6. గాస్కెట్ వేయండి. దీనికి క్లోజ్డ్ సెల్ ఫోమ్ (లోపలి గదులన్నీ మూసి ఉండే ఫోమ్) కావాలి. తలుపు సందులకు అంటించే మామూలు స్పాంజి పనికిరాదు. అనుమానముంటే చిన్న ముక్కను నీళ్లలో ముంచి పిండండి, నీళ్లు కారితే అది మనకు పనికొచ్చే రకం కాదు. టేపును ఒకే ముక్కగా చుట్టూ వేయండి. రెండు కొసలూ కలిసేచోట ఏటవాలుగా కోసి, ఒక మి.మీ. ఎక్కువ ఉంచి, అదిమి కలపండి. లీకేజీ మొదట వచ్చేది ఆ అతుకు దగ్గరే.

7. మధ్య రంధ్రాన్ని కింది ముఖం దాకా పొడిగించి, అక్కడ కూడా ఇలాగే గాడి, కాలువలు, గాస్కెట్ వేస్తే జిగ్ బల్లను కూడా పట్టుకుంటుంది. ఒకే గొట్టంతో రెండు పట్లు. బల్ల పైభాగం నున్నగా, గాలి చొరకుండా ఉంటేనే ఇది కుదురుతుంది.

పక్కబలం చాలకపోతే కాలువల మధ్య గట్టి ముఖం మీద 120 నంబరు గరుకు కాగితం పట్టీలు అంటించండి. చెక్క జారడం బాగా తగ్గుతుంది. అడుగు ముఖం మీద సన్నని గీతలు పడతాయి, అది కనిపించే ముఖమైతే వద్దు.

గొట్టాలు, గేజ్, ట్యాంకు

పంపు నుంచి జిగ్ దాకా వరస ఇలా ఉండాలి: పంపు, ఫిల్టర్, నాన్ రిటర్న్ వాల్వ్ (పంపు ఆగినా గాలిని వెనక్కి రానివ్వనిది), ట్యాంకు, గేజ్, త్రీ-వే వాల్వ్, జిగ్. గొట్టం వాక్యూమ్‌కు నలిగిపోకుండా గట్టిగా ఉండాలి. న్యుమాటిక్ పనులకు వాడే 8 లేదా 10 మి.మీ. పాలియురేథేన్ గొట్టం చక్కగా సరిపోతుంది. మెత్తని నీళ్ల పైపు లోపలికి చదునుగా అతుక్కుపోతుంది.

ఫిల్టర్‌ను మర్చిపోతే పంపు పోతుంది. మనం వాక్యూమ్ పెట్టేది చెక్కపొడి మధ్యలో. పలక తీసిన క్షణంలో జిగ్ మీది పొడంతా ఆ రంధ్రంలోకే పోతుంది.

నాన్ రిటర్న్ వాల్వ్, ట్యాంకు దండగని మొదట్లో నేనూ అనుకున్నాను. ఒకరోజు డ్రాయర్ ముందు పలకకు అంచు గుండ్రం చేస్తున్నాను, కరెంటు ట్రిప్ అయి కంప్రెసర్ ఆగింది. రౌటర్ వేరే లైన్లో ఉంది, అది తిరుగుతూనే ఉంది. ఆ మోతలో వెంచురీ కూత ఆగిపోయిన సంగతి నాకు తెలియలేదు. పలక గిర్రున తిరిగి నా మోచేతిని రాసుకుంటూ పోయింది. గాయం చిన్నదే. ఆ సాయంత్రమే ట్యాంకు పెట్టాను. ట్యాంకు ఉంటే పంపు ఆగిన వెంటనే పట్టు పోదు, రౌటర్ ఎత్తి పక్కన పెట్టేంత వ్యవధి దొరుకుతుంది. ఎంత వ్యవధో ఊహించకండి. పలక పెట్టి, 600 దగ్గర పంపు ఆపి, సూది 500కు రావడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఫోన్‌లో కొలవండి. అర నిమిషం లోపయితే లీకేజీ చూడాలి, లేదా పెద్ద ట్యాంకు పెట్టాలి. ట్యాంకు మందపాటి ఉక్కుదై ఉండాలి. పల్చటి డబ్బాలు, ప్లాస్టిక్ డ్రమ్ములు లోపలికి నలిగిపోతాయి.

త్రీ-వే వాల్వ్ పలకను వదిలించడానికి. ఒక వైపు తిప్పితే వాక్యూమ్, ఇంకో వైపు తిప్పితే జిగ్‌లోకి బయటి గాలి. ఇది లేకపోతే పలక కింద ఉలి దూర్చి లేపాల్సి వస్తుంది, గాస్కెట్ చిరుగుతుంది.

గేజ్ మాత్రం కళ్లెదురుగా, రౌటర్ నడుపుతూ తలెత్తితే కనిపించేలా బిగించండి. పంపు పక్కన నేల మీద ఉన్న గేజ్ ఎవరికీ ఉపయోగపడదు.

లీకేజీ పట్టుకోవడం

అసలు పని ఇక్కడుంది. జిగ్ లీకవుతోందా, చెక్క లీకవుతోందా అన్నది ముందు విడదీయాలి. దీనికి నా దగ్గర ఒక మందపాటి అక్రిలిక్ షీటు ముక్క ఉంది. కొత్త జిగ్ మీద మొదట దాన్నే పెడతాను. అక్రిలిక్‌లోంచి గాలి పోదు కాబట్టి గేజ్ ఎంత చూపిస్తే అంత ఆ జిగ్ సత్తా. 640 వచ్చిందనుకోండి. తర్వాత చెక్క పలక పెడితే 520 వచ్చింది. ఆ 120 తేడా చెక్కది. జిగ్‌ను ఎంత బాగుచేసినా అది తగ్గదు.

ఈ పరీక్ష తెలియని రోజుల్లో ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను. అతుకులన్నీ విప్పి మళ్లీ వేశాను, నిపుల్ మార్చాను, గొట్టం మార్చాను. గేజ్ కదల్లేదు. పలక రెడ్ ఓక్‌ది. రెడ్ ఓక్ నాళాలు తెరిచే ఉంటాయి, చిన్న ముక్క కొసన నోరు పెట్టి ఊదితే రెండో కొస నుంచి గాలి వస్తుంది. నీళ్లలో ముంచి ఊదితే బుడగలు కూడా కనిపిస్తాయి. వైట్ ఓక్‌లో ఆ నాళాలు మూసుకుపోయి ఉంటాయి, అందుకే పీపాలకు అది వాడతారు. పేరు ఒకటే అయినా వాక్యూమ్ దగ్గర రెండూ రెండు దారులు.

చెక్క లీకయితే అడుగు ముఖానికి, అంచులకు షెల్లాక్ (లక్క పూత) గానీ శాండింగ్ సీలర్ గానీ ఒక కోటు వేయండి. తొందరగా కావాలంటే అడుగున వెడల్పాటి పారదర్శక టేపు అంటించండి, పని అయ్యాక ఊడదీయొచ్చు. ముడుల దగ్గర పగుళ్లున్న పలకకు ఆ పగులు మీద టేపు ముక్క చాలు.

జిగ్ లీకయితే సబ్బు నురగ పనిచేయదు. గాలి బయటికి వస్తేనే కదా బుడగ, ఇక్కడ లోపలికి పోతుంది. టిష్యూ కాగితాన్ని సన్నగా చింపి, వేళ్ల మధ్య పట్టుకుని గాస్కెట్ చుట్టూ నెమ్మదిగా తిప్పండి. లీకున్న చోట దాని కొస చటుక్కున లోపలికి వంగుతుంది. షాపు నిశ్శబ్దంగా ఉంటే చెవి కూడా చాలు, సన్నని "స్‌స్" వినిపిస్తుంది. అక్కడ వేలు పెడితే ఆగుతుంది. చాలాసార్లు దొరికేది ఒక చిత్రిక పొరక, గాస్కెట్ మీద వెంట్రుకంత చెక్కపొట్టు. అందుకే పలక పెట్టే ప్రతిసారీ జిగ్‌ను బ్రష్‌తో తుడవాలి, పలక అడుగునూ తుడవాలి. గాలితో ఊదితే పొట్టు ఎగిరి మళ్లీ అక్కడే పడుతుంది.

పనిలోకి దిగడం

పలకను జిగ్ మీద పెట్టి, అంచు గాస్కెట్‌ను అన్ని వైపులా దాటిందో లేదో చూడండి. వాల్వ్ తిప్పి అరచేతులతో నాలుగు మూలలూ అదమండి. "సుయ్" మనే శబ్దం సన్నగిల్లి ఠక్కున ఆగుతుంది, సూది లేస్తుంది. అది స్థిరపడేదాకా చెయ్యి తీయకండి.

ఇప్పుడు పలక అంచును గట్టిగా పక్కకు తోయండి. బొటనవేళ్లతో కాదు, ఒళ్లు బరువు వేసి. జరిగితే కోత మొదలుపెట్టకూడదు. నా సొంత నియమం, గేజ్ 500 కంటే తక్కువుంటే రౌటర్ స్విచ్ వేయను.

బిట్ పదునుగా ఉండాలి. మొద్దు బిట్ చెక్కను కోయదు, తోస్తుంది, ఆ తోపు అంతా రాపిడి మీదే పడుతుంది. ఒకేసారి లోతు కోత వద్దు, రెండు మూడు విడతల్లో చేయండి. కోత ఎక్కువుంటే పలక జరిగే దిక్కున జిగ్ మీద గానీ బల్ల మీద గానీ ఒక చెక్క అడ్డు బిగించండి. వాక్యూమ్ కిందకు అదిమి పట్టుకుంటుంది, అడ్డు పక్కకు జరగకుండా ఆపుతుంది. నాలుగు వైపులా అక్కర్లేదు, రెండు వైపులుంటే చాలు.

గాస్కెట్ లోపలి భాగంలో బిట్ పలక అవతలి వైపు దాకా దిగితే పట్టు మొత్తం ఒక్క క్షణంలో పోతుంది. పలక మధ్యలో రంధ్రం కోయాల్సి ఉంటే, ఆ రంధ్రం చుట్టూ జిగ్ మీద ఇంకో గాస్కెట్ వలయం వేసి, దాని లోపలి భాగాన్ని వాక్యూమ్ నుంచి వేరు చేయాలి. కోసిన ముక్క వదులుగా ఉండిపోతుందని మర్చిపోకండి.

ఒకే ఆకారం పదిసార్లు కావాలంటే జిగ్‌నే ఆ ఆకారంలో కోసి టెంప్లేట్‌గా వాడండి. బేరింగ్ ఉన్న బిట్ జిగ్ అంచును తాకుతూ తిరుగుతుంది, పలక అంచు అదే ఆకారంలోకి వస్తుంది. నా దృష్టిలో వాక్యూమ్ పెట్టుబడికి అసలు ఫలితం ఇక్కడే.

పల్చటి పలకలు, వంకర పలకలు

ఆరు మి.మీ. ప్లైవుడ్‌ను గట్టి ఆధారం లేకుండా పట్టిస్తే నడుమ కిందికి గుంటపడుతుంది. దాని మీద గాడి తీస్తే లోతు ఒక్కోచోట ఒక్కోలా వస్తుంది. లోపలి భాగమంతా గట్టి ముఖం ఉండి, కాలువలు సన్నగా ఉంటే ఈ బెడద రాదు.

వంకర పలక ఇంకా మోసం చేస్తుంది. కొంచెం విల్లులా వంగిన పలకను వాక్యూమ్ చదునుగా అదిమేస్తుంది. మనం పైన చక్కగా చదును చేస్తాం, స్కేలు పెడితే ఎక్కడా వెలుతురు కనిపించదు. వాల్వ్ తిప్పి వదలగానే పలక తన వంపులోకి తను వెళ్లిపోతుంది, చదును చేసిన ముఖం ఇప్పుడు వంకర. కాబట్టి అడుగు ముఖాన్ని ముందు చిత్రికతోనో జాయింటర్ (ముఖాన్ని చదును చేసే యంత్రం)తోనో సరిచేసుకున్నాకే జిగ్ ఎక్కించాలి.

లేత్ (చెక్కను గుండ్రంగా తిప్పుతూ చెక్కే యంత్రం) మీద వాక్యూమ్ చక్ (గిన్నెను వాక్యూమ్‌తో పట్టుకునే పట్టు) వాడేవాళ్లకు ఇదే ప్రమాదం వేరే రూపంలో ఉంటుంది. 20 సెం.మీ. గిన్నె మీద 600 మి.మీ. పడితే 250 కిలోలు. గోడ పల్చగా ఉన్న గిన్నె పగిలిపోతుంది. గొట్టంలో చిన్న బ్లీడ్ వాల్వ్ (బయటి గాలిని కొద్దిగా లోపలికి వదిలేది) పెట్టి వాక్యూమ్‌ను తగ్గించుకోవాలి.

సీఎన్సీ (కంప్యూటర్ నడిపే కోత యంత్రం) బల్ల సంగతి వేరు. అక్కడ ఎండీఎఫ్ షీటునే పరిచి, దాని ఊరే గుణాన్నే వాడుకుంటారు, పంపు గాలిని షీటంతటిలోంచీ లాగుతుంది. ఎండీఎఫ్ పై పొర, కింది పొర గట్టిగా ఉంటాయి కాబట్టి రెండు వైపులా అర మి.మీ. చెక్కేయాలి, అంచులకు మాత్రం పెయింట్ వేసి మూసేయాలి. ఖాళీగా ఉన్న జాగాను లామినేట్ ముక్కలతో కప్పండి. కోతలు పెరిగేకొద్దీ లీకు పెరుగుతుంది కనుక చిన్న ముక్కల్ని పూర్తిగా కోసేయకుండా అడుగున కాగితమంత పొర వదిలి, తర్వాత చేత్తో విడదీయడం మంచిది.

సంరక్షణ

ఫిల్టర్‌ను వారానికొకసారి విప్పి దులపండి. ఆయిల్ పంపు అయితే అద్దంలోంచి ఆయిల్ రంగు చూడండి, పాలలా తెల్లబడితే తేమ చేరినట్టు, మార్చేయండి. జిగురు ఆరని పలకను ఎప్పుడూ జిగ్ మీద పెట్టకండి. జిగురు కాలువల్లోకి దిగితే గీకి తీయడానికి పూట పడుతుంది. రాత్రి జిగ్ మీద పలకను వదిలేసి వెళ్లకండి, గాస్కెట్ అణిగినది అణిగినట్టే ఉండిపోతుంది.

ప్రతి జిగ్ పక్క అంచు మీద పెన్సిల్‌తో రెండు విషయాలు రాసి ఉంచుతాను. అక్రిలిక్ పెట్టినప్పుడు వచ్చిన గేజ్ అంకె, టేపు వేసిన తేదీ. నెలకోసారి అదే అక్రిలిక్ ముక్క పెట్టి చూస్తాను. రాసిన అంకె కంటే 50 తగ్గితే పాత టేపు పీకేసి, గాడిని తిన్నర్‌తో తుడిచి, కొత్తది వేసి, పాత అంకె కొట్టేసి కొత్తది రాస్తాను.